పురుషుల జననాంగ ప్రాంతంలో చర్మం మార్పులు: మీకు చివరికి ఏ కారణం తేలింది?

తొలకరి:
ఇంట్లో కూడా నోరు విప్పి చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను. మూడు నెలల క్రితం గజ్జల్లో దురదతో ఒక ఎర్రటి మచ్చ మొదలైంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న క్రీము రాస్తే నాలుగు రోజుల్లో తగ్గిపోయింది, మానేసిన వారానికే మళ్లీ వచ్చింది. ఇలా మూడు విడతలు గడిచేసరికి మచ్చ తొడల లోపలి వైపంతా పాకింది. దీనికి తోడు వృషణాల సంచి మీద ఆవగింజకన్నా చిన్నవైన ముదురు ఎరుపు చుక్కలు పది దాకా కనిపిస్తున్నాయి. రెండింటికీ కారణం ఒకటేనా? ఇటువంటివి అనుభవించినవారు తమకు ఏమని తేలిందో దయచేసి చెప్పండి.

వేకువ:
తొలకరి గారూ, నాది గజ్జల సమస్య కాదు గానీ మీకు పనికిరావచ్చు. అంగం కొన ఎర్రబడి, ముందోలు వెనక్కి జరిపితే మంట పుట్టేది, లోపల పెరుగు తరకల వంటి తెల్లటి పూత ఉండేది. శుభ్రత చాలడం లేదనుకుని రోజుకు మూడుసార్లు సబ్బుతో కడిగాను, మంట రెట్టింపయింది. డాక్టరు గారు అది కాండిడా అనే ఈస్టు వల్ల వచ్చిన వాపు అని చెప్పి, మందు రాస్తూనే రక్తపరీక్ష కూడా చేయించారు. గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 9.1 శాతం వచ్చింది. 6.5 గాని అంతకు మించి గాని ఉంటే మధుమేహంగా లెక్కిస్తారు. నాకు షుగర్ ఉందన్న సంగతి మొదట బయటపెట్టింది ఆ ఎరుపే. ఆ తర్వాత డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెట్టినప్పుడు అదే ఇబ్బంది తిరగబెట్టింది, ఎందుకంటే ఆ రకం మందులు చక్కెరను మూత్రం గుండా బయటికి పంపుతాయి. మాత్ర నా అంతట నేను మానలేదు, డాక్టరుకు చెబితే ఆయనే మార్చారు.

మట్టివాసన:
నాకు రెండేళ్లలో నాలుగుసార్లు, అంగం కొన మీద సరిగ్గా అదే చోట, రూపాయి బిళ్లంత గుండ్రని మచ్చ వచ్చింది. మొదట చురుక్కుమనేది, మర్నాటికి ఎర్రగా ఉబ్బేది, వారం తిరిగేసరికి ఊదారంగు నలుపుగా మిగిలిపోయేది. ఏదో సుఖవ్యాధి అంటుకుందని కుమిలిపోయాను, చేయించిన పరీక్షలన్నింటిలోనూ ఏమీ లేదని వచ్చింది. ఆఖరికి ఒక చర్మవైద్యురాలు "మచ్చ రావడానికి ముందురోజు ఏ మాత్ర వేసుకున్నారు?" అని అడిగారు. నాలుగుసార్లూ విరేచనాలకు కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ వేసుకున్నాను. కొన్ని మందులు పడని శరీరాల్లో మచ్చ ఇలా ఒకే చోట పదే పదే వస్తుందని, నొప్పి మాత్రలతోనూ రావచ్చని ఆమె వివరించారు. ఆ మందు పేరు ఇప్పుడు నా పర్సులో రాసి ఉంచుకున్నాను.

నెమలికన్ను (చర్మవైద్యుడు):
తొలకరి గారూ, చూడకుండా నిర్ధారణ చేయలేను గాని మీరు చెప్పిన తీరు గజ్జల తామరను గుర్తుచేస్తోంది. ఫంగస్ వల్ల వచ్చే ఈ తామరకు అంచు ఎర్రగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, మధ్య భాగం మానుతున్నట్టు కనిపిస్తుంది, సాధారణంగా వృషణాల సంచి జోలికి రాదు. మీ క్రీములో స్టెరాయిడ్ కలిసి ఉంటే అది దురదను అణచి, ఫంగస్‌ను మాత్రం హాయిగా పెరగనిస్తుంది. ఆ స్పష్టమైన అంచు కూడా చెరిగిపోవడంతో చూసే డాక్టరుకు సైతం గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఆ ప్రాంతపు చర్మం చాలా పలుచన కాబట్టి నెలల తరబడి స్టెరాయిడ్ రాస్తే చారలు పడతాయి, మానేసినప్పుడు భరించలేని మంట వస్తుంది. రోజూ నా దగ్గరికి వచ్చేవారిలో ఇది చూసి నిజంగా బాధ కలుగుతుంది. క్రీము ట్యూబును పారేయకుండా డాక్టరుకు చూపించండి.

చదివే మిగతావారికి ఒకటి రెండు మాటలు. రాత్రిపూట ఎక్కువయ్యే దురద, అంగం మీదా సంచి మీదా గట్టి బుడిపెలు, ఇంట్లో మరొకరికీ గోకుడు ఉంటే గజ్జిని అనుమానించాలి, అప్పుడు ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి. నొప్పి లేని పుండును మాత్రం ఎవరూ తేలికగా తీసుకోవద్దు. సవాయి (సిఫిలిస్ అనే సుఖవ్యాధి) పుండు మూడు నుంచి ఆరు వారాల్లో దానంతట అదే మానిపోతుంది, జబ్బు మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. నీటి పొక్కులు గుంపుగా వచ్చి నొప్పి పెడితే హెర్పిస్ కావచ్చు. వారాలు గడిచినా మానని పుండుకు, గడ్డకు చిన్న ముక్క తీసి పరీక్షించక తప్పదు.

ఏటిగట్టు:
డాక్టరు గారి మాటకు నా అనుభవం జోడిస్తున్నాను. నా ముందోలు అంచున తెల్లగా పాలిపోయి, కాగితంలా ముడతపడి, ఏడాదిలో వెనక్కి జరగనంతగా బిగుసుకుపోయింది. బొల్లి అనుకుని ఊరుకున్నాను. బొల్లిలో రంగు పోతుందే తప్ప చర్మం మెత్తదనం మారదని, నాది లైకెన్ స్క్లెరోసస్ అని తర్వాత తెలిసింది. దీనికి మొదటి చికిత్స ఘాటైన స్టెరాయిడ్ క్రీమే! తామరలో చెరుపు చేసేదే ఇక్కడ మందు, అందుకే ముందు జబ్బు పేరు తేలాలి. నేను ఆలస్యం చేసినందువల్ల సున్తీ కూడా అవసరమైంది. కొద్దిమందిలో ఇది క్యాన్సరుకు దారితీసే అవకాశం ఉన్నందున ఇప్పటికీ క్రమం తప్పక చూపించుకుంటున్నాను.

కొత్తచిగురు:
నాకు ఇరవై రెండేళ్లు. అంగం కొన చుట్టూ వరుసగా ఉన్న ముత్యాల్లాంటి చిన్న పొక్కులను పులిపిరులనుకుని ఏడాది నిద్ర పోగొట్టుకున్నాను. అవి సహజ లక్షణమేనని, అంటువ్యాధి కాదని డాక్టరు ఒక్క నిమిషంలో తేల్చారు.

తొలకరి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న చూపించుకున్నాను. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో క్లోబెటాసాల్ అని ఉంది, అది చాలా ఘాటైన స్టెరాయిడ్ అట. మచ్చ అంచున బ్లేడుతో పొట్టు గీకి సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఫంగస్ పోగులను నాకూ చూపించారు. సంచి మీది చుక్కలు ఉబ్బిన సన్నని రక్తనాళాలేనని, వాటి నుంచి రక్తం కారితే తప్ప ఏమీ చేయనక్కర్లేదని చెప్పారు. మందు నాలుగు వారాలు, మచ్చ పోయినట్టు కనిపించినా ఆపకూడదన్నారు. ఇంట్లో ఎవరికైనా మచ్చలున్నాయా అని అడిగితే లేవన్నాను. రాత్రి నా భార్యకు విషయం చెప్పాను, ఆమె నడుము మీద నెల రోజులుగా అటువంటి మచ్చే ఉందట, సిగ్గుపడి నాకు చెప్పలేదు. రేపు ఇద్దరం వెళ్తున్నాం.