పత్తి కట్టె తగలబెట్టకుండా బయోచార్ (గాలి తక్కువగా తగిలేలా కాల్చి నేలకి వేసే బొగ్గు) చేసినవాళ్ళు ఉన్నారా? (గుంటూరు, విజయవాడ వైపు)

ప్రత్తిపాడు_పత్తి:
మాది నల్లరేగడి. తీతలు అయిపోయాక కట్టె పీకి గట్టు మీద కుప్పేసి నిప్పెట్టడమే మా ఊళ్ళో పద్ధతి, ఆ పొగ రెండ్రోజులు ఊరంతా ఉంటది. హైదరాబాద్ క్రిడా (మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ) వాళ్ళు పత్తి కట్టె, కంది కట్టెతో బయోచార్ మీద పనిచేశారని, డ్రమ్ము కొలిమి కూడా తయారుచేశారని చదివా. మనవైపు చేసి చూసినవాళ్ళు చెప్పండన్నా, డ్రమ్ము లేకుండా అవుతదా?

కంకిపాడు_రైతు:
అవుతది తమ్ముడూ, నేను గొయ్యిలోనే చేస్తా. పైన వెడల్పు, కింద సన్నం ఉండేలా గరాటు ఆకారంలో తవ్వాలి. అడుగున కొంచెం ఎండు కట్టె వేసి పైనించి అంటించు, కింద నించి కాదు. పై కట్టె అంచున తెల్లగా బూడిద పూత కనపడుతుందే, అదే గుర్తు, అప్పుడు ఇంకో వరస వెయ్యాలి. పైన మంట గాలిని లాగేసుకుంటది కాబట్టి కింద ఉన్నది బూడిద కాకుండా బొగ్గుగా నిలబడతది. పొగ ఎక్కువొస్తే కట్టె పచ్చిగా ఉందనో, ఒకేసారి ఎక్కువ వేశావనో అర్థం. గొయ్యి నిండాక నీళ్ళు బాగా పోసి పూర్తిగా ఆర్పెయ్యి, లోపల నిప్పు మిగిలితే తెల్లారేసరికి అంతా బూడిదే. పొడి చేసేటప్పుడు తడిగానే చెయ్యి, మూతికి గుడ్డ కట్టుకో, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

బాపట్ల_సాయిల్స్:
కంకిపాడు అన్న చెప్పింది కరెక్ట్. ఒక్క విషయం గట్టిగా చెప్పాలి, బయోచార్‌ని ఉత్తగా పొలంలో చల్లొద్దండి. దాని రంధ్రాలు నేలలో ఉన్న నత్రజనిని పట్టేసుకుంటాయి, ఆ సీజన్ మొక్క ఆకులు పసుపు రంగుకి తిరగొచ్చు. మాగిన పశువుల ఎరువులోనో జీవామృతంలోనో కలిపి కొన్ని వారాలు తడిగా ఉంచి అప్పుడు వెయ్యాలి. ఇంకోటి, అందరూ అమెజాన్ అడవుల్లో వేల ఏళ్ళనాటి నల్లమట్టి టెర్రా ప్రేటా గురించి చెప్తారు, కానీ అక్కడి చుట్టుపక్కల నేలలు ఆమ్ల నేలలు, బయోచార్‌కి ఉండే క్షారగుణం వాటికి కలిసొచ్చింది. మన రేగడి pH చాలాచోట్ల 8 పైనే ఉంటది, అంటే ఇప్పటికే క్షార నేల. అందుకే ముందు మట్టి పరీక్ష. ఎర్ర నేలలు, ఇసుక నేలలున్నవాళ్ళకి తేడా ఎక్కువ కనపడతది, నీరు నిలుపుకోడంలో ముఖ్యంగా.

మిద్దెతోట_బెజవాడ:
కుండీలకి మాత్రం నాకు చాలా నచ్చిందండీ. ఊకతో చేసిన నల్ల చార్, వర్మీకంపోస్టు కలిపేశాను, మట్టి తేలికయ్యి మిద్దె మీద బరువు తగ్గింది, మే ఎండల్లో కూడా వంగ, బెండ మధ్యాహ్నానికి వాడిపోవట్లేదు. రైస్ మిల్లు దగ్గర దొరికేది తెలుపు, బూడిద రంగులో ఉంటే అది కార్బన్ కాలిపోయిన బూడిద, నల్లగా ఉన్నదే తెచ్చుకోండి.

సత్తెనపల్లి_మిర్చి:
అన్నీ బానే ఉన్నాయి గానీ కూలి ఎవరిస్తారు? పరిశోధనల్లో హెక్టారుకి 5 టన్నులు, 10 టన్నులు వేస్తారు. కట్టె బరువులో నాలుగో వంతో మూడో వంతో చార్ వస్తది, మన పొలం కట్టెతో అంత ఎక్కడ వస్తది? ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి దున్నెయ్యడం మేలు కదా.

కంకిపాడు_రైతు:
పొలమంతా వద్దులే, మొక్క పెట్టే సాళ్ళలో ఎరువుతోపాటు వెయ్యి, అంతవరకు చాలుద్ది. గులాబీ రంగు పురుగు ఉన్న చేలో కట్టెలో, ఎండు కాయల్లో పురుగు మిగిలి ఉంటది, కాల్చి చార్ చేస్తే అది కూడా పోద్ది.

ప్రత్తిపాడు_పత్తి:
కార్బన్‌ని మట్టిలో నిలిపినందుకు కంపెనీల నుంచి కార్బన్ క్రెడిట్ డబ్బులొస్తాయంటున్నారు, నిజమేనా?

బాపట్ల_సాయిల్స్:
మార్కెట్ ఉన్నమాట నిజం, 2025 జనవరిలో గూగుల్ మన దేశంలో వరాహ అనే కంపెనీ నుంచి బయోచార్ క్రెడిట్లు లక్ష టన్నులు కొంటామని ఒప్పుకుంది. ఒక కిలో కార్బన్ మట్టిలో నిలిస్తే 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఆపినట్టు లెక్క. కానీ ఎంత చేశారు, ఎక్కడ వేశారు అన్నీ కొలిచి రుజువు చూపాలి, ఒక్క రైతు వల్ల కాదు, గుంపుగా కంపెనీతో కలిస్తేనే. ముందే డబ్బులు కట్టమని ఎవరైనా అడిగితే మాత్రం కట్టొద్దు. ఈసారి నాలుగు సాళ్ళు వేసి, పక్కనే నాలుగు సాళ్ళు వెయ్యకుండా వదిలెయ్యండి, మట్టి పరీక్ష రిపోర్టు, ఫొటోలు ఇక్కడ పెడితే లెక్క చూద్దాం.