జింక తోలు తీయడానికి జేబు చాకు: ట్రాపరా, బక్ 110నా, ఓపినెలా?

హిల్‌కంట్రీ_తెలుగు
అందరికీ నమస్కారం. ఈ నవంబరులో టెక్సాస్ హిల్ కంట్రీలో వైట్‌టెయిల్ జింక వేటకు వెళ్తున్నాం. లైసెన్సు, ట్యాగులు, హంటర్ ఎడ్యుకేషన్ అన్నీ అయిపోయాయి. ఒరలో పెట్టుకునే పెద్ద కత్తి వద్దు, జేబులో పట్టే పాతకాలపు మడత చాకు ఒక్కటి చాలు అనుకుంటున్నాను. పొట్ట తీయడం, తోలు ఒలవడం రెండూ దానితోనే అవ్వాలి. కేస్ కంపెనీ ట్రాపర్, బక్ 110, ఓపినెల్ నెం. 8 చూశాను. కార్బన్ స్టీలు మేలా, స్టెయిన్‌లెస్ మేలా? లాక్ లేని చాకు వేళ్ళమీద మూసుకుంటుందట, నిజమేనా?

సానరాయి
కళ్ళు మూసుకుని ట్రాపర్ తీసుకోండి. మడిస్తే నాలుగు అంగుళాల పైచిలుకు, రెండు బ్లేళ్ళూ ఒకే కొసనుంచి తెరుచుకుంటాయి. మొన ఉన్న క్లిప్ బ్లేడు తోలుకు మొదటి గాటు పెట్టడానికి, కీళ్ళ దగ్గర నరాలు తెంపడానికి. పొడవాటి స్పే బ్లేడే మీకు అసలు పనిముట్టు. దాని మొన మొద్దుగా ఉంటుంది, పదును అంచు చివర్లో గుండ్రంగా పైకి తిరుగుతుంది. కోడెలకు విత్తులు తీయడానికి పుట్టిన బ్లేడది. పక్కనున్న కండలో దిగకూడదనే మొన అలా పెట్టారు. తోలు ఒలిచేటప్పుడు మనకు కావలసిందీ అదే, తోలుకు చిల్లు పడదు, మాంసంలో దిగదు.

పిడి రంగు గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. 3254 అని నంబరున్న పసుపు పిడి తీసుకోండి. 3 అంటే పసుపు సింథటిక్ పిడి, 2 అంటే రెండు బ్లేళ్ళు, 54 ట్రాపర్ నమూనా. మొదటి అంకె 6 అయితే చెక్కిన ఎముక పిడి. చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ మసక వెలుతురులో ఎండుటాకుల్లో పడితే దొరకదు, వేడినీళ్ళలో నానబెడితే పగుళ్ళిస్తుంది.

పని తీరు కూడా ముఖ్యం. వెనక కాళ్ళకు వేలాడదీసి, తొడ లోపలివైపు చిన్న గాటు పెట్టండి. అక్కడినుంచి బ్లేడును తోలు కిందికి దూర్చి, పదును బయటివైపు ఉండేలా లోపలినుంచి కోస్తూ పోవాలి. బయటనుంచి వెంట్రుకల మీదుగా కోస్తే వాటిలోని మట్టీ ఇసుకా పదునును తినేస్తాయి, తెగిన వెంట్రుకలు మాంసానికి అంటుకుంటాయి. అంచు ఊడాక చాకు పక్కన పెట్టండి. మన ఊళ్ళలో మేక తోలు తీసినట్టే, ఎడమచేత్తో తోలు లాగుతూ కుడి పిడికిలితో తోస్తే చాలామటుకు ఊడి వస్తుంది. పట్టుకున్నచోట మాత్రమే తోలుకూ మాంసానికీ మధ్యనుండే తెల్లపొరకు స్పే బ్లేడు తాకించాలి, పదును తోలువైపు ఒంచి. వెనక కాళ్ళ మడమల దగ్గర ఘాటు వాసన వేసే గ్రంథులుంటాయి. వాటిని ముట్టిన చేత్తో, చాకుతో మాంసం ముట్టకండి.

కొలిమి_పక్కన
సానరాయి గారు చెప్పిన ట్రాపరే, కానీ స్టీలు దగ్గర తొందరపడకండి. 3254 ఎక్కువగా సీవీ స్టీలుతో, అంటే క్రోమ్ వెనేడియం కార్బన్ స్టీలుతో దొరుకుతుంది. సాన మీద ఇట్టే పదునెక్కుతుంది, నిజమే. కానీ నెత్తురు తగిలిన పూటే నల్లబడుతుంది. అది నష్టం కాదు, ఎర్ర తుప్పుతోనే పేచీ.

మీ ప్రాంతానికి ఇంకో లెక్క ఉంది. జింకల్లో వచ్చే సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) అనే మెదడు జబ్బు టెక్సాస్‌లో 2012లో మొదట బయటపడింది, 2015లో మెడీనా కౌంటీలోని పెంపకపు వైట్‌టెయిల్‌లలోనూ కనబడింది. దాన్ని కలిగించే ప్రయాన్లు, అంటే వికటించిన ప్రొటీన్లు, ఉడకబెట్టినా పోవు. రెండు పాళ్ళు ఇంటి బ్లీచు, మూడు పాళ్ళు నీళ్ళు కలిపి స్టీలును 5 నిమిషాలు ముంచితే ఉపరితలం మీద ఉన్నవి నిర్వీర్యమవుతాయి. మాంసం తునకలు అంటుకుని ఉంటే వాటి లోపలికి బ్లీచు పోదు కనుక ముందు బాగా తోమాలి. ఈ బ్లీచు సీవీని గుంటలు పడేలా తినేస్తుంది. అందుకే మీకు స్టెయిన్‌లెస్ రకమే నయం. అదైనా ముంచాక వెంటనే కడగాలి. మెదడు, వెన్నుపాము జోలికి ఏ చాకుతోనూ పోవద్దు.

మడతచాకు
లాక్ సంగతి నేను చెప్తాను. ట్రాపర్‌కు లాక్ ఉండదు, వీపువైపు స్ప్రింగే పట్టి ఉంచుతుంది. పదునుమీద ఒత్తిడి పడినంతసేపూ బ్లేడు తెరుచుకునే వైపుకే నెట్టబడుతుంది, కాబట్టి తోలు ఒలిచేటప్పుడు భయం లేదు. మొనతో పొడిచినప్పుడు, బ్లేడు వీపు మీద బరువు పడినప్పుడు మూసుకుంటుంది. రొమ్ము ఎముక మధ్యలో చాకును నాటి పైకి లాగడం, కీలులో దూర్చి మెలిపెట్టడం, ఈ రెండూ వద్దు. వేళ్ళు తెగేది అక్కడే. ఎముకకు చిన్న రంపం వేరే పెట్టుకోండి.

బక్ 110 1964 నుంచి వస్తోంది, లాక్ గట్టిది, మూడుముప్పావు అంగుళాల క్లిప్ బ్లేడు. పొట్ట తీయడానికి బాగుంటుంది. కానీ సుమారు 200 గ్రాముల బరువు, జేబు కిందికి లాగుతుంది. పైగా లాక్ గాడిలో కొవ్వూ వెంట్రుకలూ దూరితే పూర్తిగా పడదు, పడిందనుకుని బలం పెడితే ప్రమాదం. ఓపినెల్ బ్లేడు పల్చన, కోత అద్భుతం. తడికి చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుపోతుంది, ఈ పనికి అదే దాని లోపం.

ఏది కొన్నా పని మొదలుపెట్టకముందే తెరవండి. నెత్తురూ కొవ్వూ అంటిన గోటికి బ్లేడు తెరిచే గాడి దొరకదు. పొట్ట చీల్చేటప్పుడు రెండు వేళ్ళు లోపల వి ఆకారంలో పెట్టి, వాటి మధ్యనుంచి బ్లేడును పదును పైకి నడపండి. పేగుగానీ మూత్రాశయంగానీ తెగితే ఆ మాంసం వరకు కోసి పారేయాల్సిందే.

హిల్‌కంట్రీ_తెలుగు
చాలా థాంక్స్ అండీ. అయితే స్టెయిన్‌లెస్ ట్రాపరే. పదును ఎంత కోణంలో పెట్టాలి? కీలు లోపల ఎలా శుభ్రం చేయాలి?

సానరాయి
ఒక్కో పక్క 20 డిగ్రీలు. స్పే బ్లేడును అద్దంలా నునుపు చేయకండి, సన్నరాయి మీద ఆపేస్తే తెల్లపొరను బాగా పట్టి కోస్తుంది. వంపు దగ్గరికి వచ్చేసరికి పిడిని కాస్త పైకెత్తకపోతే చివర పదునెక్కదు, కొత్తవాళ్ళకు తప్పేది అక్కడే.

కడగడానికి గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్. రెండు బ్లేళ్ళూ సగం తెరిచి పిడి గాడి లోపల తోమండి, కొవ్వంతా అక్కడే చేరుతుంది. రాత్రంతా తెరిచి ఆరబెట్టి, కీలులో ఒక చుక్క ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ వేయండి. వంటనూనె వేస్తే జిగురు కట్టి బ్లేడు కదలదు.