హైదరాబాద్‌లో ఏ ఏరియాలో దిగితే మంచిది?

అమలాపురం అబ్బాయి: అమ్మని నిమ్స్ ఆసుపత్రిలో చూపించడానికి తీసుకెళ్తున్నానండి. మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. పనిలో పనిగా చార్మినార్ కూడా చూడాలంటోంది. సికింద్రాబాద్‌లో దిగనా, కూకట్‌పల్లిలోనా?

రావులపాలెం: రెండూ వద్దండి. పంజాగుట్టలోనే గది చూసుకోండి, నిమ్స్ అక్కడే. కూకట్‌పల్లిలో మనవాళ్లు బోలెడుమంది ఉంటారు, నిజమే. కానీ పొద్దున్నే ఓపీకి ఆ ట్రాఫిక్‌లో పడితే టెన్షనే. లాడ్జికి ఫోన్ చేసినప్పుడు లిఫ్ట్ ఉందా అని అడిగి ఊరుకోకండి, లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లున్నాయో అడగండి. మా అత్తగారిని తీసుకెళ్లిన చోట లిఫ్ట్ బ్రహ్మాండంగా ఉంది, దాని ముందు ఏడు మెట్లు! వెస్టర్న్ కమోడ్ సంగతీ అడగండి, మొహమాటపడొద్దు.

భీమవరం: పంజాగుట్టలో దొరక్కపోతే అమీర్‌పేట. ఎరుపు, నీలం మెట్రో లైన్లు రెండూ అక్కడ కలుస్తాయి. చార్మినార్‌కైతే ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కండి. సాలార్‌జంగ్ మ్యూజియం ఆ దారిలోనే, శుక్రవారం మాత్రం సెలవు.

అమలాపురం అబ్బాయి: రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాం. అంత పొద్దున్నే దిగితే గది ఇస్తారా?

రావులపాలెం: కొన్నిచోట్ల మధ్యాహ్నం పన్నెండు దాకా ఇవ్వరు. 24 గంటల చెక్‌ఇన్ ఉన్నది చూసుకోండి.