జర్నల్ లైసెన్స్‌లో "లైబ్రరీ ఆవరణ" అంటే ఎక్కడిదాకా?

సీరియల్స్ డెస్క్:
ఆన్‌లైన్ జర్నళ్ల కోసం పబ్లిషర్‌తో మా లైబ్రరీ చేసుకున్న ఒప్పందంలో వాక్‌ఇన్ యూజర్లు (సభ్యులు కాకుండా బయటి నుంచి నేరుగా వచ్చేవాళ్లు) "లైబ్రరీ ఆవరణలో" చదువుకోవచ్చని ఉంది. నిన్న బయటి నుంచి ఒకాయన వచ్చి సొంత ల్యాప్‌టాప్‌కి వైఫై అడిగారు. మా కంప్యూటర్ మీదైతే పేచీ లేదు, మరి ఆయన ల్యాప్‌టాప్‌లో? ఆవరణ అంటే గదా, నెట్‌వర్కా అని నేనూ మా సిస్టమ్స్ అతనూ అరగంట వాదించుకున్నాం, ఏమీ తేల్లేదు. మీరెలా చేస్తున్నారండీ?

పాత కేటలాగర్:
మనిషి కూర్చున్న చోటే ఆవరణ అని మేం తీసుకుంటాం, పరికరం ఎవరిదైనా సరే. కాకపోతే గెస్ట్ వైఫైని పబ్లిషర్‌కిచ్చిన ఐపీ రేంజ్‌లో (ఏ నెట్‌వర్క్ అడ్రస్‌ల నుంచి వస్తే జర్నల్ తెరవాలో ఆ జాబితాలో) పెట్టలేదు, అది పార్కింగ్ దాకా అందుతుంది. బయటివాళ్ల కోసం లాగిన్ అక్కర్లేని కంప్యూటర్లు రెండు విడిగా పెట్టాం.

ప్రాక్సీ కాపలా:
నాకు తలనొప్పి "సిస్టమాటిక్ డౌన్‌లోడ్" (వ్యాసాలు గుట్టలుగా దించుకోవడం) తోనే. వద్దంటారు, ఎన్ని దాటితే తప్పో రాయరు. మా దగ్గర ఒక పరిశోధకురాలు రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్‌లో "పీడీఎఫ్‌లు తెచ్చిపెట్టు" బటన్ నొక్కి టీకి వెళ్లింది, తిరిగొచ్చేసరికి ప్రాక్సీ (మా యూజర్లని పబ్లిషర్ సైట్‌కి చేర్చే సర్వర్) మొత్తం బ్లాక్, అందరికీ యాక్సెస్ పోయింది. లెక్క చెప్పమని పబ్లిషర్‌ని అడిగితే "సహేతుకంగా" అన్నారు! ఇప్పుడు ప్రాక్సీలోనే మేమే ఒక పరిమితి పెట్టుకున్నాం, దాటితే ఆ ఒక్క ఐడీ ఆగుతుంది, మిగతావాళ్లకి ఇబ్బంది ఉండదు.

ఐఎల్ఎల్ మనిషి:
ఇంటర్‌లైబ్రరీ లోన్ (ఐఎల్ఎల్, అంటే ఇంకో లైబ్రరీ అడిగితే వ్యాసం పంపడం) క్లాజు కూడా చూసుకోండి. పాత లైసెన్స్ ఒకదాని ప్రకారం వ్యాసం ప్రింట్ తీసి, మళ్లీ స్కాన్ చేసి పంపాలి, నేను నిజంగానే అలా చేశాను. ఇంకొకటి కాంటు (CONTU, కాపీరైట్ మీద అమెరికా వేసిన కమిషన్) మార్గదర్శకాలు పాటించమంటుంది, అంటే ఒక జర్నల్ గత 5 ఏళ్ల సంచికల నుంచి క్యాలెండర్ ఏడాదికి 5 వ్యాసాల వరకే తెప్పించుకోవచ్చు. అమెరికాలో 1970లలో వచ్చినవి, అక్కడ కూడా చట్టం కాదు. కానీ ఒప్పందంలోకి ఎక్కించి సంతకం పెట్టాక మనకి కట్టుబాటే కదా.

సీరియల్స్ డెస్క్:
వైఫై సంగతి పబ్లిషర్ సేల్స్ ప్రతినిధికి మెయిల్ చేస్తే "పర్లేదు" అని జవాబొచ్చింది. ప్రింట్ తీసి ఫైల్లో పెట్టేశా.

పాత కేటలాగర్:
ఆగండి. చివరి పేజీలో "ఈ పత్రమే పూర్తి ఒప్పందం" అనే క్లాజు ఉందేమో చూడండి. ఉంటే ఆ మెయిల్‌ని నమ్ముకోలేం. రెన్యువల్‌లో సవరణగా రాయించి సంతకాలు పెట్టించండి.

సీరియల్స్ డెస్క్:
ఉంది. 14వ పేజీ. రేపు మళ్లీ రాస్తా.