కెఫీన్ లేని మూలికల క్యాప్సూల్స్ వాడొచ్చా?

ప్రశ్న: కాఫీ తాగితే నాకు గుండె దడ. నీరసం పోతుంది, బరువు తగ్గుతావంటూ మా ఆడపడుచు కెఫీన్ లేని క్యాప్సూల్స్ డబ్బా ఇచ్చింది. లేబుల్ మీద గార్సీనియా, అశ్వగంధ అని ఉంది. రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. వాడొచ్చాండీ?

జవాబు: మందుల షాపులో పనిచేస్తానండీ. డాక్టరుకు చూపించకుండా దయచేసి మొదలుపెట్టకండి. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చు. మీ మాత్రకు అది తోడైతే కెఫీన్ లేకపోయినా దడ రావచ్చు. గార్సీనియా అంటే కేరళవాళ్లు చేపల పులుసులో వేసే కొడంపులి. పులుసులో ముక్క వేరు, క్యాప్సూల్లో గాఢమైన సారం వేరు. ఆ సారం వాడినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. తగ్గే బరువూ అంతంతమాత్రమే.

మరో జవాబు: లేబుల్ మీద గ్వారానా (ఒక మొక్క గింజల సారం) ఉందేమో కూడా చూడండి. అందులో ఉండేది కెఫీనే.

అడిగినవారు: అది లేదండీ. డబ్బా పక్కన పెట్టేశాను. మరి నీరసానికి?

జవాబు: ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి.