‘అధికార విభజన’ సరైన మాటేనా?

గ్రూపులో అందరికీ నమస్కారం. మదనపల్లె నుంచి వచ్చిన నాన్నను ఆదివారం బెంగళూరులో విధానసౌధ (కర్ణాటక శాసనసభ భవనం) చూపిద్దామని తీసుకెళ్లాను. ఎదురుగా ఎర్ర రంగు హైకోర్టు. "చట్టం చేసేది ఇక్కడ, అది చెల్లదని కొట్టేయగలిగేది అక్కడ. దీన్నే అధికార విభజన అంటారు" అన్నాను గొప్పగా.

"విభజన అంటే 2014లో మనకు జరిగిందే, అదేనా?" అన్నారు నాన్న. కాదన్నాను. "ఆస్తి పంచుకున్నాక తమ్ముడి వాటాలో అన్న వేలు పెట్టకూడదు. మరి వీళ్లు పెడతారంటావేమిరా?"

నోరు పెగల్లేదు. వేరే మాట ఏదైనా ఉందా?

జవాబు 1: పుస్తకాల్లో ‘అధికార పృథక్కరణ’ (అంటే వేరు చేయడం) అని ఉంటుందండి. పలకడానికే సగం ఊపిరి పోతుంది. పైగా మన దగ్గర అంత పృథక్కూ లేదు. మీరు చూసిన విధానసౌధలోనే సభ, మంత్రుల ఆఫీసులు ఒకే కప్పు కింద ఉన్నాయి. అమెరికాలో మంత్రి అయినవారు కాంగ్రెస్ సభ్యులుగా ఉండకూడదు. ఇక్కడ ఆరు నెలల్లోగా సభ్యులు కాకపోతే మంత్రి పదవే పోతుంది. మన 50వ అధికరణ వేరు చేయమన్నది కార్యనిర్వాహక శాఖ నుంచి న్యాయశాఖను.

జవాబు 2: నాన్నగారు పట్టుకున్నదే అసలు సంగతి. అధికారాన్ని అధికారమే ఆపేలా ఏర్పాటుండాలని 1748లోనే ఫ్రెంచి తత్వవేత్త మాంటెస్క్యూ రాశాడు. అంటే వేలు పెట్టడానికే ఈ ఏర్పాటు! నా ఓటు ‘పగ్గం’ అన్న మాటకు. ‘అధికార పగ్గాలు చేపట్టారు’ అని పేపర్లు రాస్తాయి. అక్కడ పగ్గం పాలకుడి చేతిలో ఉంది. ‘పగ్గం వేశారు’ అంటే పాలకుడి మెడకే.

బెంగళూరు ఉదాహరణే చెప్తాను. 1989లో గవర్నర్ నివేదిక మీద కర్ణాటక ముఖ్యమంత్రి బొమ్మై ప్రభుత్వాన్ని కేంద్రం రద్దు చేసి రాష్ట్రపతి పాలన పెట్టింది. సభలో బలం నిరూపించుకుంటానని ఆయన మొత్తుకున్నా అవకాశం ఇవ్వలేదు. మీరు చూసిన ఆ ఎర్ర భవనంలోనూ కేసు కొట్టేశారు. 1994 మార్చి 11న తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం, బలం తేలాల్సింది సభలోనే అంది. రాష్ట్రపతి పాలన ప్రకటననూ కోర్టు పరిశీలించవచ్చంది. ఒక్క తీర్పుతో కేంద్రానికీ గవర్నర్‌కూ పగ్గం. బొమ్మైగారికి మాత్రం కుర్చీ తిరిగి రాలేదు, అది వేరే సంగతి.

జవాబు 3: ‘వికేంద్రీకరణ’ అని మాత్రం రాయకండి. ఆఫీసులు మూడు ఊళ్లలో పెట్టినా పెత్తనం ఒకరిదే కావచ్చు.

అడిగినవారు: అందరికీ థ్యాంక్స్. నాన్నకు ఫోన్‌లో చెప్పాను. "పగ్గం అంటే తెలిసింది. మరి ఎద్దు ఎవరు?" అంటున్నారు. జవాబు 2 గారూ, మీరే కాపాడాలి.