ఎంట్రోపీని ‘క్రమరాహిత్యం’ అనడం మానేసి ‘వెసులుబాటు’ అందామా?

ఎంట్రోపీ (అణువులు ఎన్ని రకాలుగా సర్దుకోవచ్చో చెప్పే కొలత) గురించి తెలుగులో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ‘క్రమరాహిత్యం’ అనో ‘గందరగోళం’ అనో రాసేస్తున్నాం. కణం లోపలి సంగతులు రాసేటప్పుడు నాకు ప్రతిసారీ ఈ మాటే అడ్డం తగులుతోంది.

కణత్వచం, అంటే కణం చుట్టూ ఉండే పొర, సంగతే చూడండి. అందులోని కొవ్వు అణువులకు (ఫాస్ఫోలిపిడ్లు) నీటితో కలిసే తల, కలవని తోకలు ఉంటాయి. అవి నీళ్లలో పడితే తలలు నీటివైపు, తోకలు లోపలివైపు పెట్టుకుని వాటంతట అవే వరసగా పొర కట్టేస్తాయి. కంటికి చక్కటి క్రమం, కానీ మొత్తం మీద ఎంట్రోపీ పెరిగింది! చదివేవాళ్లు సరిగ్గా ఇక్కడే తికమకపడతారు. నిజానికి ఆ తోకల చుట్టూ ఇరుక్కుపోయిన నీటి అణువులకు, తోకలు ఒకచోట చేరి తప్పుకోగానే, ఎటు కావాలంటే అటు తిరిగే వెసులుబాటు దొరికింది. ఈ వాక్యం రాశాకే తట్టింది, మనకు కావలసిన మాట ఇదే కదా అని.

డీఎన్ఏ కూడా అంతే. 1992లో స్మిత్, ఫిన్జీ, బుస్తమాంతే అనే శాస్త్రవేత్తలు ఒక్క డీఎన్ఏ పోగును తీసుకుని, ఒక కొస గాజుకు అతికించి, రెండో కొసకు అయస్కాంతపు పూస తగిలించి లాగి చూశారు. మెల్లగా లాగినా అది వెనక్కి గుంజుతుంది, బంధాలు సాగినందుకు కాదు, నిటారుగా ఉండటానికి ఉన్నది ఒకటే తీరు, మెలికలు తిరిగి ఉండటానికి లెక్కలేనన్ని. ‘క్రమరాహిత్యం గుంజుతోంది’ అంటే ఎవరికి అర్థమవుతుంది? ‘వెసులుబాటు తగ్గింది కాబట్టి గుంజుతోంది’ అంటే వెంటనే పట్టుబడుతుంది.

వ్యాఖ్య: మాట బాగుందండీ. కానీ వెసులుబాటు అంటే డబ్బు విషయంలోనో టైం విషయంలోనో అనే మాట కదా, అంకె వేసి కొలిచే రాశికి నప్పుతుందా?

జవాబు: నప్పుతుందండీ. వియన్నాలో భౌతిక శాస్త్రవేత్త బోల్ట్‌జ్‌మన్ సమాధి మీద చెక్కిన సూత్రం ‘ఎస్ = కె లాగ్ డబ్ల్యూ’. అందులో ఎస్ అంటే ఎంట్రోపీ, కె ఒక స్థిరాంకం, డబ్ల్యూ అంటే, బయటికి ఒకేలా కనిపిస్తున్నా లోపల అణువులు ఎన్ని రకాలుగా సర్దుకోవచ్చో ఆ సంఖ్య. వెసులుబాటుకు అంకె అదే! జర్మన్ భౌతిక శాస్త్రవేత్త క్లాసియస్ 1865లో ఎంట్రోపీ అనే పేరు పెట్టినప్పుడు తీసుకున్న గ్రీకు మాటకూ ‘మార్పు’ అనే అర్థం, గందరగోళం అని కాదు. పేరు ఎంట్రోపీగానే ఉండనిద్దాం, వివరించేటప్పుడు వెసులుబాటు అందాం.

ఒకసారి వెడల్పాటి రబ్బరు బ్యాండును చటుక్కున సాగదీసి పెదవికి ఆనించి చూడండి, వెచ్చగా తగులుతుంది. రబ్బరులోని పొడవాటి అణువుల గొలుసులకు మెలికలు తిరిగే వెసులుబాటు తగ్గింది, ఆ మేరకు అణువుల కదలికలో వెసులుబాటు పెరిగింది, అదే మనకు వేడిగా తగులుతోంది. ఇందులో ‘క్రమరాహిత్యం’ పెట్టి ఇంత తేలిగ్గా చెప్పగలిగితే చెప్పండి, నా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటాను.